చిన్నల్లుడికి తెలియని ఊరు

కంట్రోల్ రూముల్లో కొత్తగా చేరుతున్న తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ ఒక సంగతి చెప్పాలని చాలా రోజులుగా అనుకుంటున్నాను. మీరంతా ఇంజనీరింగులు చదివి వస్తున్నారు. నేను ఏడో తరగతిలో బడి మానేసినవాణ్ణి. మానేసిన రోజు నాకంటే మా లెక్కల సారే ఎక్కువ సంతోషపడ్డారు. కాబట్టి నేను చెప్పేదాంట్లో చదువు తక్కువ, తప్పు ఎక్కువ. ఆ తప్పు నాదే కనుక దాని గురించి నాకంటే బాగా చెప్పగలిగినవాళ్లు లేరు.

మాది తాగునీటి పథకం. గుంతకల్లు బయట కంట్రోల్ రూము. ఎక్కడో దూరాన ఉన్న జలాశయం నుంచి పెద్ద పైపులో వచ్చే నీళ్లను బెళుగుప్ప అవతలి మెరక దాకా నూటికి పైగా ఊళ్లకు పంచాలి. రోజూ అందరికీ ఇచ్చేన్ని నీళ్లు ఉండవు. అందుకని వంతులు. నాలుగు రోజులకొక వంతు, వంతుకు రెండు గంటలు. ఏ ఊరి వాల్వు ఎప్పుడు తెరుచుకోవాలి, ఎప్పుడు మూసుకోవాలి అన్న పట్టిక అంతా కంప్యూటర్లో ఉంటుంది. అది ఇక్కడి నుంచి చెబితే అక్కడ ఊరి బయట మోటారు వాల్వు తనంతట తానే తిరుగుతుంది.

నేను మొదట ఆ పైపులకు గుంతలు తవ్వే పనిలో చేరాను. తర్వాత వాచ్‌మన్. ఆ తర్వాత సర్వర్ గదికి హెల్పరు. నా తెలివి చూసి ఇచ్చిన పదోన్నతి కాదు. ఎవరూ చెప్పకుండానే చెప్పులు బయట విడిచి లోపలికి పోయేది నేనొక్కడినేనట.

గదిలో రెండు సర్వర్లు. వాటికి నేను పెద్దల్లుడు, చిన్నల్లుడు అని పేర్లు పెట్టాను. మా ఆఫీసు మొత్తానికి ఏసీ ఉన్నది వాళ్లిద్దరికే మరి. వాళ్ల దగ్గర దుమ్ము లేపకూడదు, గట్టిగా తలుపు వేయకూడదు, ఒళ్లు కాస్త వేడెక్కితే పెద్దసార్లు పరుగెత్తుకొస్తారు. ఆ పేర్లు ఎంతగా అతుక్కున్నాయంటే, హెడ్డాఫీసు నుంచి తనిఖీకి వచ్చినాయనతో మా సూపర్‌వైజరు "పెద్దల్లుడికి ఫ్యాను మార్చాల సార్" అని నోరు జారాడు. ఆయన పాపం ఇంటి సంగతి అనుకుని ఊరుకున్నాడు.

పనంతా పెద్దల్లుడిది. చిన్నల్లుడు పక్కన కూర్చుని చూస్తుంటాడు. ఇద్దరి మధ్య రెండు వైర్లు. ఒక వైరులో పెద్దల్లుడు క్షణక్షణమూ 'ఉన్నా, ఉన్నా' అంటుంటాడు. ఆ మాట ఆగిపోయిందా, చిన్నల్లుడు లేచి పీట మీద కూర్చుంటాడు. మీరు ఫెయిలోవర్ అనేది దాన్నే. రెండో వైరులో పెద్దల్లుడు తనకు కొత్తగా తెలిసిందల్లా చిన్నల్లుడికి అప్పజెబుతుంటాడు. కొత్త ఊరు చేరితే దాని పేరు, వంతు మారితే మారిన వేళ. ఈ రెండో వైరు ఊడితే ఏ గోలా ఉండదు. చిన్నల్లుడి ముందున్న మూడు దీపాల్లో చివరిది పచ్చ నుంచి పసుపుకు మారుతుంది, అంతే. హెచ్చరిక మెసేజ్ కూడా ఒకటి పోతుంది. అది పోయేది ఎప్పుడో బదిలీ అయిన సారు ఫోనుకు. ఎవరు పంపుతున్నారో తెలియక ఆయన దాన్ని బ్లాక్ చేసుకున్నారని తర్వాత తెలిసింది.

రోజూ పొద్దున ఆ మూడు దీపాలు చూసి రిజిస్టరులో మూడు టిక్కులు కొట్టడం నా పని. నా చదువుకు తగిన పనే.

దసరాకు మేము ఆయుధపూజ బాగా చేసేవాళ్లం. పానాలు, జీపు, మోటారు స్టార్టర్లు, చివరికి టెలిఫోనుకు కూడా గంధం, కుంకుమ. ఒక ఏడాది అల్లుళ్లిద్దరినీ నేనే తుడిచాను. చిన్నల్లుడి వెనక గుడ్డ పెట్టి తుడుస్తుంటే ఒక వైరు చేతికి తగిలి కదిలింది. దాని కొసన ఉండే ప్లాస్టిక్ క్లిప్పు ఎప్పుడో విరిగింది. వేలితో లోపలికి నొక్కాను. సరిగా కూర్చుందనుకున్నాను. ముందుకొచ్చి బొట్టు పెట్టబోతే సూపర్‌వైజరు అడిగాడు.

"వీనికి నుదురు యాడుంది?"

"నుదురు లేదు సార్, కండ్లుండాయి. ఇదో ఒకటి, ఇదో రెండు, ఈ చివర్ది మూడో కన్ను. ఇది తెరిస్తే మనమంతా బూడిదే. మూసేద్దాం" అని, పచ్చా పసుపా చూడకుండానే ఆ మూడో దీపం మీద ఇంత గంధం మెత్తి, పైన రూపాయి బిళ్లంత కుంకుమ పెట్టాను.

గదంతా నవ్వింది. మా వాల్వుమన్ అయితే చేతిలోని బొరుగులు కింద పోసుకుని మరీ నవ్వాడు.

ఆ మర్నాటి నుంచి నేను చూసింది రెండు దీపాలు, ఒక బొట్టు. కొట్టింది మూడు టిక్కులు. పూజలో పెట్టిన బొట్టును చేత్తో చెరపడం మాలో ఎవరికీ ఇష్టముండదు. దానంతట అది రాలిపోవాలి. ఏసీ గాలికి గంధం ఎండి సిమెంటులా పట్టుకుంది.

ఇప్పుడు ఆ వాల్వుమన్ గురించి చెప్పాలి. నాకంటే ఐదారేళ్లు పెద్ద. నేను అన్నా అనేవాణ్ణి. పొద్దున్నే బండి మీద లైను వెంట తిరిగి లీకులు, వాల్వులు చూసుకుని వచ్చేవాడు. ఆయనది మా చివరి పైపుకు కూడా అవతల, మెరక మీద ముప్పై ఇళ్ల పల్లె. పథకంలో లేదు. నూరు ఊళ్లకు నీళ్లు పంచే మనిషి ఇంటికి ట్యాంకరు నీళ్లు.

"అందరికీ వడ్డిస్తాండావు, నీకే ఆకు లేదు గదన్నా" అని ఏడిపించేవాణ్ణి.

"నగు, నగు. ఒగ పొద్దు మా ఊర్లో కొళాయి తిప్పి నీ మొగాన చల్లకపోతే చూడు" అనేవాడు.

ఆరేళ్లు అర్జీలు పెట్టాడు. వజ్రకరూరు చేలల్లో తొలకరికి వజ్రాలు వెతికేవాళ్లకైనా మధ్యలో విసుగు పుడుతుందేమో గానీ ఆయనకు పుట్టలేదు. చివరికి మంజూరైంది. పైపు పడింది, వాల్వు పడింది. సంక్రాంతి పోయిన వారానికి మా ఇంజనీరు మేడం ఆ పల్లె పేరును పట్టికలో చేర్చారు. ఆయన పక్కనే నిలబడి చూశాడు. మేడం ఒక మీట నొక్కారు.

"అంతేనా మేడం?"

"అంతే."

"ఆరేండ్లు తిరిగితి. ఒక్క వేలితో అయిపాయ" అని ఆ వేలి వైపే చూస్తూ నిలబడ్డాడు.

పెద్దల్లుడు ఆ పేరు రాసుకున్నాడు. చిన్నల్లుడికి చెప్పాడు కూడా. వైరు ఊడి ఉన్న సంగతి పెద్దల్లుడికి తెలియదు, నాకూ తెలియదు. తెలిసిన ఒక్క దీపమూ బొట్టు కింద ఉంది.

ఆ సాయంత్రం నుంచే ఆయన బెంగుళూరుకు ఫోన్లు మొదలుపెట్టాడు. ఆ పల్లెలో సగానికి పైగా ఇళ్లు కట్టడాల పనికి పోయి అక్కడే రేకుల షెడ్లలో ఉంటున్నాయి. చేలు ఎండినందుకు పోలేదు వాళ్లు, చేలు ఎండడం మాకు కొత్త కాదు. తాగడానికి, గొర్రెలకు పెట్టడానికి నీళ్లు లేక పోయారు. మా ఆఫీసు మెట్ల మీద కూర్చుని ఒక్కొక్క ఇంటికీ చేసేవాడు.

"పైపు నీళ్లు వచ్చినాయి. నాలుగు దినాలకొకసారి. కండ్లారా చూసి చెప్తాండా. నా మాట మీద రాండి."

శివరాత్రి లోపల పదకొండు ఇళ్ల తాళాలు తెరుచుకున్నాయి. వచ్చినవాళ్లు గొర్రెలు కొనుక్కున్నారు. ఆయన ఒక స్టీలు డబ్బా నిండా బొరుగులుండలు తెచ్చి అందరికీ పంచాడు. నేను రెండు తీసుకుంటే చేతి మీద కొట్టి ఇంకో రెండు పెట్టాడు.

ఎండలు ముదిరాక ఒక పగటిపూట పెద్దల్లుడు పడిపోయాడు. లోపల ఏదో కాలిన వాసన వచ్చింది. అర నిమిషం కూడా పట్టలేదు, చిన్నల్లుడు లేచి పీట మీద కూర్చున్నాడు. స్క్రీను ఒకసారి కన్నార్పి మళ్లీ పచ్చగా వెలిగింది. ఒక్క వాల్వు ఆగలేదు, ఒక్క మోటారు ఆగలేదు. మేడం చప్పట్లు కొట్టారు. మైసూరుపాకు తెప్పించారు. "చూస్తిరా, నా చిన్నల్లుడు" అని నేను మీసం తిప్పాను. మర్నాడు మేడం పెద్దల్లుడిని తీసుకుని రిపేరుకు బెంగుళూరు పోయారు. ఏవో భాగాలు రావాలట, పది రోజులు పట్టేట్టుంది.

ఆ మర్నాడే పొద్దున ఫోను. ఎవరో మగమనిషి, మెరక మీది పల్లె నుంచి.

"సార్, మా ఊరికి ఈ పొద్దు వంతు. నీళ్లు రాల్యా."

నేను స్క్రీను వైపు చూశాను. పైనుంచి కింది దాకా అంతా పచ్చ.

"ఈడ చూస్తే అంతా పచ్చగా ఉండాది గదప్పా. ఊరు పచ్చగా ఉంటే సాలదా, నీళ్లు గూడా గావాల్నా?"

గదిలో ఉన్న నలుగురూ నవ్వారు. అవతల మనిషి నవ్వలేదు. ఫోను పెట్టేశాడు.

తమ్ముళ్లూ, నేను చదువులేనివాణ్ణే గానీ అక్షరాలు రానివాణ్ణి కాదు. ఆ పచ్చ పేర్లలో ఆ పల్లె పేరు ఉందా అని ఒక్కసారి చదివి ఉంటే సరిపోయేది. ఎర్రగా ఉన్న ఊరి కోసం వెతికాను. లేని ఊరి కోసం వెతకలేదు. చిన్నల్లుడికి తెలిసింది దసరా నాటి లోకం. అందులో ఆ పల్లె పుట్టనే లేదు. దాని వంతు నీళ్లు పైఊళ్లకు పోయి వాళ్లకు కాస్త ఎక్కువగా వచ్చాయి. ఎక్కువగా వస్తే ఎవరూ ఫోన్ చేయరు.

రెండో వంతు నాడు మా వాల్వుమనే ఫోన్ చేశాడు.

"వాల్వు తిరగల్యాప్పా. రెండు గంటలు ఆడనే నిలబడితి."

"గాలి పట్టింటాదన్నా పైపులో."

"వాల్వే తిరగల్యా అంటాంటే గాలేందిరా? నేను సీలు తెంపి చేత్తో తిప్పేదా?"

ప్రతి వాల్వుకూ చేత్తో తిప్పే చక్రం ఒకటి ఉంటుంది. దానికి తీగ చుట్టి సీసం సీలు వేస్తారు. వెనక ఒకసారి రెండు ఊళ్లు పోటీపడి తిప్పుకుని తలలు పగలగొట్టుకున్నాక వచ్చిన నిబంధన అది. సీలు తెంపితే మెమో ఉండదు, నేరుగా ఇంటికే.

"వద్దన్నా. ఈడ ఒక్కటీ ఎర్రది లేదు. మేడం గూడా లేదు. వచ్చే వంతుకు తప్పకుండా వస్తాది, కొంచెం ఓర్సుకో."

"నేను ఓర్సుకుంటా. గొర్రెలు ఓర్సుకుంటాయా?"

"గొర్రెలకి ఫోన్ ఇయ్యన్నా, నేను చెప్తా" అన్నాను.

ఆయన నన్ను తిట్టి ఉంటే బాగుండేది. "సరేప్పా" అన్నాడు.

మూడో వంతూ తప్పింది. మర్నాడు పొద్దున మళ్లీ ఆయన గొంతు. వెనకాల నీళ్లు పడుతున్న చప్పుడు.

"సీలు తెంపినా. నీళ్లొచ్చినాయి. రాసుకో."

"అన్నా, ఎంత పని..."

"తొమ్మిది ఇండ్లు పోయినాయప్పా. గొర్రెల్ని సంతకు తోలి, తాళాలేసి పోయినారు. పోతా పోతా నా ఇంటి ముందర నిలబడి అడిగినారు, మా వంతు ఎవనికి ఇచ్చినావని. ఏం చెప్పల్ల?"

 

ఆ మధ్యాహ్నమే మేడం తిరిగొచ్చారు. నేను చెబుతుండగానే కుర్చీలో కూర్చుని పట్టికను వేలితో పైనుంచి కిందికి చదివారు. మళ్లీ కిందినుంచి పైకి.

"ఈ ఊరే లేదిందులో" అన్నారు.

లేచి సర్వర్ గదిలోకి పోయారు. చిన్నల్లుడి వెనక వైరు పట్టుకుంటే చేతిలోకి ఊడి వచ్చింది. ముందుకొచ్చి, వంగి, ఆ ఎండిన కుంకుమను గోటితో గీకారు. పెచ్చులుగా రాలింది. కింద దీపం పసుపుగా వెలుగుతోంది. ఆరు నెలలుగా వెలుగుతూనే ఉందది.

"ఎవరు పెట్టినారు ఇక్కడ?"

"పండక్కి అందరం పెట్టినాం మేడం" అన్నాను.

అందరం. ఆ మాటను నేను ఎంత తొందరగా వెతుక్కున్నానో చూడండి. పల్లె పేరు వెతకడానికి పది రోజులైనా చేతకానివాణ్ణి.

మేడం ఆ సాయంత్రమే వైరు బిగించి పల్లె పేరు మళ్లీ చేర్చారు. విచారణ జరిగింది. కాగితంలో 'సాంకేతిక లోపం' అని రాసుకున్నారు. బొట్టు గురించి ఆ కాగితంలో లేదు. సీలు గురించి ఉంది, ఎందుకంటే సీలుకు నిబంధన ఉంది, బొట్టుకు లేదు. వాల్వుమన్‌ను పిలిచి ఎందుకు తెంపావని అడిగారు.

"దప్పికైంది సార్" అన్నాడు.

నేను టీ గ్లాసులు పట్టుకుని తలుపు దగ్గరే ఉన్నాను. నా వైపు చూడలేదు. ఆ వారమే తీసేశారు.

పది రోజులు అన్నం సహించలేదు. ఎవరైనా పలకరిస్తే అలవాటు కొద్దీ ఏదో ఒక జోకు వేస్తున్నాను, అది నా చెవులకే ఎవడో వేసినట్టు వినిపిస్తోంది. చివరికి ఆ పల్లె వంతు రోజున సెలవు పెట్టి బెళుగుప్ప దాకా బస్సులో, అక్కడి నుంచి ఆటోలో పోయాను.

నేను పోయేటప్పటికి నీళ్లు వదిలారు. వీధిలో ప్రతి ఇంటి ముందూ ఒక కొళాయి. తాళం వేసిన ఇళ్ల ముందు కూడా నీళ్లు ధారగా పడుతున్నాయి. పోయేవాళ్లు ఎండిన కొళాయిలను తిప్పి తిప్పి మరలు వదులు చేసి పోయారు మరి, ప్రతి వంతుకూ మళ్లీ బిగించాల్సిందే. ఆయన పంచె ఎగ్గట్టి ఒక్కొక్కటీ బిగించుకుంటూ వస్తున్నాడు. నన్ను చూసి ఆగలేదు. నేనూ అవతలి వరస కొళాయిలు బిగించడం మొదలుపెట్టాను. వీధి చివరకు ఇద్దరం చేరాక అడిగాడు.

"ఏమప్పా, ఎందుకొచ్చినావు?"

"అన్నా, ఆ బొట్టు పెట్టింది నేను. దీపం మీద. అందుకే మీ ఊరు ఎగిరిపోయింది. మేడంతో అందరం అని చెప్పినా. నేనొక్కణ్ణే పెట్టింది."

పంచె దించుకుని తడిచేతులు తుడుచుకున్నాడు.

"తెలుసు లేప్పా. ఆ పొద్దు నేనూ ఆడనే ఉంటి గదా. నేనూ నగితి."

మర్నాడే మేడంకు ఉన్నదున్నట్టు చెప్పి కాగితం రాసిచ్చాను. నన్ను రెండు నెలలు లైను మీద గుంతల పనికి పంపారు, ఆయన్ను తిరిగి రమ్మన్నారు. ఆయన రాలేదు. సర్వర్ గదిలో గోడకు నూటికి పైగా ఊళ్ల పేర్లు చేత్తో రాసిన అట్ట ఒకటి వేలాడదీశాం. రోజూ పొద్దున దాన్ని పట్టుకుని రెండు సర్వర్లలోనూ పేరు పేరునా చదవాలి. రిటైరయ్యే దాకా చదివాను. మీరూ చదవండి. అయితే ఇవన్నీ తర్వాతి సంగతులు. ఆ రోజు వీధి చివర జరిగింది ఇంకొంచెం ఉంది.

ఆయన ఫోను తీసి నా చేతిలో పెట్టాడు.

"పోయినోళ్ల నంబర్లు ఇందులో ఉండాయి. నేను వంతు అమ్ముకోలేదని నువ్వు చెప్పు. నేను చెప్తే నమ్మరు."

అరుగు మీద కూర్చుని ఒక్కొక్కరికే చేశాను. బొట్టు సంగతి, వైరు సంగతి, ఆయన నిలబడిన రెండు గంటల సంగతి, ఆయన పోగొట్టుకున్న ఉద్యోగం సంగతి. ఇద్దరు మధ్యలోనే పెట్టేశారు. ఒకాయన పని మీద ఉన్నానని, సాయంత్రం చెయ్యమన్నాడు. నాలుగో నంబరుకు ఒక ఆడమనిషి ఎత్తింది. చివరి దాకా విన్నది. వెనకాల కాంక్రీటు మిషను తిరుగుతున్న మోత.

"నువ్వు చెప్పింది విన్నా అన్నా. ఇంగ ఆయనకి ఇయ్యి ఫోను" అంది.

ఇచ్చాను. ఆ వీధిలో చప్పుడు లేదు కనుక ఆమె గొంతు నాకూ వినబడుతూనే ఉంది.

"మామా, నీదేం తప్పు లేదంట గదా. గొర్రెలయితే అమ్మేస్తిమి. ఇప్పుడు నీళ్లు నిజంగా వస్తాండాయా? రమ్మంటావా?"

అంతకుముందు వారాల తరబడి మా ఆఫీసు మెట్ల మీద కూర్చుని రాండి, రాండి అని అరిచిన మనిషి. ఫోను చెవికి గట్టిగా ఆనించుకుని, తాళం వేసి ఉన్న ఆమె తలుపు వైపు చూశాడు.

"నీళ్లయితే వస్తాండాయమ్మా" అన్నాడు. "రమ్మని మాత్రం నేను చెప్పను."